నలుగురు కూడిన చోట

నలుగురితో పాటు నారాయణా యనుట మన వాడుక. ఒంటరిగా నున్నప్పుడు ఒక విధముగా తలచువాడు నలుగురి నడుమకు వచ్చినంతనే మరియొక విధముగా నడచుకొనునని దాని భావము. ఇది అందరు నెరిగిన సంగతియే. కాని అట్లేల జరుగుచున్నది, ఆ నలుగురును ఏ మార్గమున ఒక సంఘమగుచున్నారు, అట్టి సంఘము పుట్టి పెరిగి పనిచేసి విడిపోవుటకు ఏవైన నియమములు కలవా అను ప్రశ్నలను పరీక్షాపూర్వకముగా విచారించుట మిక్కిలి యిటీవల ఆరంభమైనది.

సంస్కారమును కోరువారికి ఈ విచారము కేవల పాండిత్యవినోదము గాదు. మంచి మాట చెప్పినచో లోకము వినునని నమ్మి మనము చిరకాలముగా ఉపన్యాసము లిచ్చుచున్నాము, వ్యాసములు వ్రాయుచున్నాము. సభకు వచ్చినవారు తలలూపి, చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి, పూర్వము చేయుచుండినదే మరల చేయుచున్నారు. ఈ లోపము చెప్పిన మాటయందున్నదా, వినిన మనుష్యునియందున్నదా, లేక ఆ మనుష్యుడు ఎవరి నడుమ కూర్చుండి యెట్లు వినెనో ఆ కూటమియందున్నదా? ఈ మూడవ పక్షమును పట్టుకొని, దానిని మాటలతో గాక పరీక్షలతో నిలువబెట్టిన వారి చరిత్రమును ఇందు చెప్పదలచితిని.

వారికి ముందున్న స్థితిని కొంచెముగా తెలిసికొందము. 1895వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున గుస్తావ్ లెబాను అను నతడు గుంపుల మనస్తత్వమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. 1871లో పారిస్ నగరమున జరిగిన కమ్యూన్ విప్లవమును అతడు కన్నులార చూచినవాడు. గుంపులో కలిసిన మనుష్యుడు తన వివేకమును కోల్పోయి, నాగరకత మెట్లు దిగి, ఒకరినుండి యొకరికి అంటుకొను ఆవేశమునకు లోబడునని అతని సిద్ధాంతము. గుంపనగానే భయము, ఆ గ్రంథమంతటను ఆ భయమే కనబడును. దానికి ప్రతికూలముగా 1924లో అమెరికాలో ఫ్లాయిడ్ ఆల్‌పోర్టు, సంఘమునకు వేరుగ మనస్సనునది లేదనియు, ఉన్నది వ్యక్తుల మనస్సులే యనియు వాదించెను. ఒకరికి సంఘము పిశాచము. మరియొకరికి అది వట్టి పేరు మాత్రమే. ఈ యిద్దరి నడుమ, 1909లో చార్లెస్ కూలీ యనునతడు కుటుంబము, పిల్లల ఆటకూటమి, ఇరుగుపొరుగు అను చిన్నసంఘములలోనే మనుష్యస్వభావము రూపొందునని చెప్పియుండెను. ఆ మాట సత్యమునకు దగ్గరగా నున్నను దానిని పరీక్షించు పద్ధతి అప్పటికి లేదు.

ఆ పద్ధతిని కల్పించినవాడు కర్ట్ లెవిను. ఇతడు 1890వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన, అప్పటి ప్రష్యా రాజ్యములోనిదై నేడు పోలండులో నున్న మొగిల్నో అను చిన్న యూరిలో, యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి అంగడి నడుపుచుండువాడు. మొదటి ప్రపంచయుద్ధమున జర్మను సైన్యములో చేరి పోరాడి గాయపడెను. తరువాత బెర్లిను విశ్వవిద్యాలయమున బోధకుడయ్యెను. అచ్చటి మనశ్శాస్త్రజ్ఞులు మనము రాగమును వినునప్పుడు స్వరములను విడివిడిగా వినము, స్వరములన్నియు మారినను రాగమును గుర్తింతుము, సమగ్రము భాగముల మొత్తముకంటె భిన్నమైనదని చెప్పుచుండిరి. లెవిను ఈ భావమునే సంఘమునకు అన్వయించెను. సంఘమునకు ప్రత్యేకమైన ఆత్మ లేకపోవచ్చును. అయినను అందలి వారి పరస్పర సంబంధములు మారినచో అందరి నడవడియు మారును. ఆ సంబంధములే సంఘము. ఈ దృష్టితో లెబాను భయమును ఆల్‌పోర్టు నిరాకరణమును రెండును తప్పిపోయినవి.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చునప్పటికి లెవిను అమెరికానుండి జపాను, రష్యాల మీదుగా స్వదేశమునకు మరలి వచ్చుచుండెను. యుద్ధమున ముందువరుసలో పోరాడినవాడు గనుక యూదులను కొలువులనుండి తొలగించు తొలి శాసనము అతనికి వర్తించియుండదు. ఐనను తన పిల్లలకు చోటులేని విశ్వవిద్యాలయమున తాను బోధింపజాలనని తలచి, అతడు దేశమును విడిచి అమెరికా చేరెను. అతని తల్లిని తరువాత నాజీలు చంపిరి. ఈ కథను చెప్పుటకు కారణము కలదు. నిరంకుశత్వము ఒక దేశపు మనుష్యులను అంత త్వరగా ఎట్లు మార్చివేసెను, మంచి అలవాట్లను అంత త్వరగా నేర్పవచ్చునా అను ప్రశ్న అతనికి గ్రంథములనుండి వచ్చినది కాదు.

1938, 1939 సంవత్సరములలో అయోవా విశ్వవిద్యాలయమున లెవిను, అతని శిష్యుడు రోనాల్డు లిప్పిట్టు, రాల్ఫ్ వైట్ అను మరియొక పండితుడు కలిసి పదేండ్ల యీడు పిల్లలతో కూటములను ఏర్పరచిరి. ఒక్కొక్క కూటమిలో అయిదుగురు పిల్లలు. కాగితపు గుజ్జుతో ముఖకవచములు చేయుట మొదలైన పనులు వారికి ఇచ్చిరి. కొన్నాళ్లు నాయకుడు నిరంకుశుడు: ఏమి చేయవలెనో, ఎవరితో చేయవలెనో, అంతయు తానే నిర్ణయించి, తరువాతి యడుగు ఏదో ముందుగా చెప్పక నడపించును. కొన్నాళ్లు నాయకుడు పిల్లలను కూర్చుండబెట్టుకొని వారితో ఆలోచించి, వారి నిర్ణయముచొప్పున నడచును. మూడవ రకపు నాయకుడు ఎవరి దారిన వారిని విడిచిపెట్టి ఊరకుండును. ఈ మూడవది మొదట తలపెట్టినది కాదు. ప్రజాస్వామిక నాయకుడుగా నుండుటకు నియమింపబడిన వైట్ తన పాత్రను నడపిన తీరు వేరుగా నుండగా, అది వేరొక పద్ధతియని లెవిను గుర్తించి, దానినే మరియొక పరీక్షగా చేసెను. స్వేచ్ఛ యిచ్చుటకును ఊరక విడుచుటకును గల భేదము ఈ విధముగా తేటపడినది; ఇంటిలో పిల్లలను పెంచువారు తరచుగా మరచునది ఈ భేదమే.

మొదటి పరీక్షలో నిరంకుశ నాయకుని కూటమిలో పిల్లల వైరపు చేష్టలు రెండవ కూటమికంటె ముప్పది రెట్లుగా నుండెను. వారు ఆ వైరమును నాయకునిపై చూపలేదు. తమలో నొకనిని పట్టుకొని అందరును వానిని వేధించిరి; వాడు వెళ్లిపోగా మరియొకనిని పట్టుకొనిరి. రెండవ పరీక్షలో నిరంకుశుని క్రింద చాల కూటములు మందముగా, మాటలేక, అణగియుండెను. చూచువారికి అది క్రమశిక్షణవలె తోచియుండవచ్చును. నాయకుడు గదిలో నున్నంతవరకు ఆ అణగిన పిల్లలు తమ కాలములో నూటికి 74 పాళ్లు పనియందు లగ్నమైయుండిరి. అతడు బయటికి పోయినంతనే అది 29కి దిగెను. కలిసి ఆలోచించిన కూటములలో నాయకుడున్నప్పుడు 50, లేనప్పుడు 46. ఈ రెండు జతల అంకెలలో విద్యాశాస్త్రమునకు కావలసినంత కలదు. పెద్దవాని యెదుట జరిగిన పని యెంత యని గాక, అతడు వెళ్లిన పిమ్మట నిలిచిన పని యెంత యని అడుగవలెనని లెవిను పట్టుదల. ఇరువదిమంది పిల్లలలో పందొమ్మిదిమంది తమతో ఆలోచించిన నాయకునే మెచ్చిరి. మెచ్చని యొక్కడు సైనికోద్యోగి కొడుకు.

ఒక్క సంగతిని గమనింపవలెను. ఒకే పిల్లల గుంపు ఒక నాయకుని తరువాత మరియొక నాయకుని క్రిందికి మారుచుండెను. నిరంకుశుని క్రింద మూగలైనవారే రెండవవాని క్రింద మాటకారులైరి. కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన గుణమనుటకు వీలులేకపోయెను. ఐతే వారందరును ఒకే దేశపు, ఒకే యీడు మగపిల్లలని మరువరాదు. అన్ని దేశములకును అన్ని వయస్సులకును ఈ ఫలితమును చాచుట సాహసమగును. తరువాతి వారు కొందరు ఆ సాహసము చేసిరి.

ఇక గృహిణులను గూర్చిన పరీక్షకు వత్తము. నా దృష్టిలో ఈ శాస్త్రమంతటికిని ఇదియే గుండెకాయ.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో మంచి మాంసము సైనికులకు పోవుటచేత, గుండెకాయ, గుర్దాలు, గ్రంథులు మొదలైన భాగములను ఇండ్లలో వాడించవలసి వచ్చెను. అవి బలకరములు, చౌకయు. కాని ఆ దేశపు మధ్యతరగతి వారికి వానిపై ఏవగింపు. మనలో శాకాహారులు ఈ మాట చదివి మొగము ముడుచుకొనవచ్చును గాని, ఆహారముపై ఏవగింపు ఎంత బలమైనదో మనకంటె ఎక్కువగా ఎరిగిన జాతి లేదు. జాతీయ పరిశోధనమండలి క్రింద ఆహారపు అలవాట్లను విచారించు నొక సంఘ మేర్పడెను. ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త్రి మార్గరెట్ మీడ్ దానికి కార్యదర్శిని. లెవినును వారు సహాయమడిగిరి.

అతడు మొదట విచారించినది ఇంటిలోనికి ఆహారమెట్లు వచ్చుననునది. అంగడినుండి గాని, పెరటినుండి గాని బయలుదేరిన పదార్థము కొనుట, నిలువచేయుట, వండుట అను కాలువలగుండ పారి భోజనపు బల్లను చేరును. ఆ కాలువల ద్వారముకడ నిలిచియున్నది ఇల్లాలు. బల్లపైకి వచ్చినదానిని ఇంటివారు సాధారణముగా తిందురు. కాబట్టి ఏమి తిందురనునది ద్వారముకడనే తేలిపోవును. ప్రభుత్వములు, వైద్యులు, పత్రికలు ఎన్ని చెప్పినను ఆ ద్వారపాలకురాలు తలుపు తీయనిచో ఏమియు లోనికి రాదు. ఇది మన యిండ్లలో ఎవరికిని క్రొత్త సంగతి కాదు. దానిని శాస్త్రమున చేర్చుటకు మాత్రము 1943వ సంవత్సరము రావలసి వచ్చెను.

రెడ్‌క్రాస్ సంఘమువారి గృహశుశ్రూషను నేర్చుకొనుచున్న స్త్రీల ఆరు బృందములను తీసికొనిరి. ఒక్కొక్క దానిలో 13 మొదలు 17 మంది. మూడు బృందములకు ఉపన్యాసము. ఉపన్యాసకురాలు యుద్ధావసరమును, ఆహారతత్త్వమును, ధర తక్కువను పటములతో వివరించి, వంట విధానములను చెప్పి, తన యింటిలో తాను వాని నెంత రుచిగా వండి మెప్పించెనో గూడ చెప్పి, వంటల ప్రతులను పంచిపెట్టెను. మంచి ఉపన్యాసమే. తక్కిన మూడు బృందములకు అలెక్స్ బావెలాస్ అను లెవిను శిష్యుడు వచ్చి, మీవంటి గృహిణులు ఇందులకు ఒప్పుకొందురా, ఏమి అడ్డములు వచ్చును అని అడిగి కూర్చుండెను. భర్తకు నచ్చదని యొకరు, వండునప్పుడు వచ్చు వాసన బాగుండదని యొకరు, ఇట్లు ఒక్కొక్కరు చెప్పిరి. వారే అడిగిన పిమ్మట ఆహారనిపుణురాలు ఆ వాసన పోవు ఉపాయమును, వంట విధానములను చెప్పెను. చివరకు, వచ్చు వారములో ఒకసారి చేసి చూచువారెవరో చేయెత్తుడని అడిగిరి. రెండు రకముల సభలును 45 నిమిషములే.

తరువాత విచారింపగా, ఉపన్యాసము వినినవారిలో నూటికి ముగ్గురు మాత్రమే పూర్వము వడ్డింపని మాంసమును వడ్డించిరి. చర్చించి చేయెత్తిన వారిలో నూటికి ముప్పది యిద్దరు వడ్డించిరి.

నూటికి మూడు! ఉపన్యాసకులు ఈ యంకెను గోడపై వ్రాసి పెట్టుకొనవలసినది.

మరియొక పరీక్ష తల్లులపై జరిగెను. ఆసుపత్రిలో తొలికానుపు అయిన పల్లెటూరి స్త్రీలకు, శిశువునకు కాడ్ చేపనూనెను, నారింజరసమును ఇయ్యవలసినదని చెప్పవలెను. కొందరికి ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి ఇరువదియైదు నిమిషములు నిపుణురాలు చెప్పెను. కొందరికి ఆరుగురిని చేర్చి అంత కాలమే చర్చ. లెక్క ప్రకారము మొదటివారికి ఆరురెట్లు శ్రద్ధ లభించినట్లు. అయినను రెండవవారే చెప్పినదానిని ఎక్కువగా ఆచరించిరి. ఆ ఆరుగురును అంతకుముందు ఒకరి నొకరు ఎరుగరు. తరువాత ఎవరి పల్లెకు వారు పోయి దూరదూరముగా నుండువారు. ఇరువదియైదు నిమిషముల పరిచయము ఇంటివరకు వెంబడించి వచ్చెనన్నమాట.

లెవిను దీనికి చెప్పిన కారణ మిది. మనుష్యుని అలవాటు పారుచున్న నది వంటిది. నిశ్చలముగా కనబడినను రెండు వైపుల బలములు దానిని తోయుచు నిలుపుచు నుండును. దానిని మార్చుటకు రెండు మార్గములు. ముందుకు త్రోయు బలమును పెంచవచ్చును: బోధ, భయము, బ్రతిమాలుట ఈ మార్గములోనివి. లేదా అడ్డుచున్న బలమును తగ్గింపవచ్చును. మొదటి దానివలన కొంత మార్పు వచ్చినను లోపల బిగువు పెరుగును. రెండవదానివలన బిగువు తగ్గును. ఒంటరిగా నున్న గృహిణికి గల పెద్ద అడ్డము మాంసపు వాసన కాదు. తనవారందరి నడవడికి తాను వేరగుదునేమో యను భయము. పదునైదుమంది చేతు లెత్తుట కండ్లార చూచిన యామెకు ఆ భయము పోవును. గడ్డకట్టిన అలవాటును కరగించి, కదలించి, క్రొత్త రూపమున మరల గడ్డకట్టించుటయని అతడు ఈ మార్పు నడకకు మూడు మెట్లు చెప్పెను. నిర్ణయమే ఆ మూడవ మెట్టు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. చర్చించినవారికి మరల వచ్చి అడుగుదుమని ముందుగా చెప్పిరి. ఉపన్యాసము వినినవారికి చెప్పలేదు. ఈ భేదమును లెవినే ఒప్పుకొని తరువాతి పరీక్షలలో దానిని తొలగింప యత్నించెను. 1955లో ఎడిత్ బెన్నెట్ అను విదుషి ఈ పరీక్షను విడదీసి చూచి, చర్చ యనునది ముఖ్యము కాదనియు, ఒక నిర్ణయము చేసికొనుటయు, తోడివారు చాలమంది ఒప్పుకొనిరను భావమును గలుగుటయు అనునవే పనిచేసిన వనియు కనుగొనెను. ఇది లెవిను సిద్ధాంతమును కొంత సవరించినది; అతని ముఖ్యభావమును మాత్రము బలపరచినది.

అంతకంటె లోతైన ఆక్షేపణ నీతికి సంబంధించినది. చర్చించిన ఆ గృహిణులు ఏమి నిర్ణయింపవలెనో చర్చకు ముందే మరియొకరు నిర్ణయించియుండిరి గదా! బావెలాసు నోరు మెదపక కూర్చుండినను అతనికి కావలసిన ముగింపు అతని సంచిలో నున్నది. ఇది స్వేచ్ఛయా, లేక బలవంతముకంటె నేర్పుగల బలవంతమా? యుద్ధసమయమున, ఆహారమను నిరపాయ విషయమున, ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. కర్మాగారములోనికి పోయిన పిమ్మట అది చిన్నది కాదు.

వర్జీనియా రాష్ట్రమున మారియన్ అను నూర హార్వుడ్ కంపెనీ వారికి పైజామాలు కుట్టు కర్మాగార ముండెను. దాని యధికారి ఆల్‌ఫ్రెడ్ మారో స్వయముగా మనశ్శాస్త్రజ్ఞుడు, లెవిను మిత్రుడు. పిమ్మట లెవిను జీవితచరిత్రమును వ్రాసినవాడు. పని పద్ధతి మార్చినప్పుడెల్ల కూలి స్త్రీల పని తగ్గుటయు, చాలమంది మానివేయుటయు జరుగుచుండెను. కోచ్, ఫ్రెంచ్ అను వారు అచ్చట చేసిన పరీక్షను 1948లో ప్రకటించిరి. మార్పును చెప్పి ఊరకున్న బృందములో నలువది దినములలో నూటికి పదునేడుమంది మానిరి. పని పూర్వపు స్థాయికి రాలేదు. అందరినిచేర్చి మార్పు నెట్లు చేయవలెనో వారితోనే ఆలోచించిన బృందములలో ఒక్కరును మానలేదు. పనియు పూర్వముకంటె సుమారు నూటికి పదునాలుగు పాళ్లు పెరిగెను. ఈ ఫలితమును చూచి యజమానులు సంతోషించిరి. వారు సంతోషించుటయే నాకు అనుమానము కలిగించుచున్నది. మార్పు కావలెనా వద్దా యని ఆ స్త్రీల నెవరును అడుగలేదు. ఎట్లు చేయుదమని మాత్రమే అడిగిరి.

ఫ్రెంచ్ పండితుడే ఇతరులతో కలిసి నార్వే దేశమున చెప్పులు చేయు నొక కర్మాగారమున అట్టి పరీక్షనే చేసి 1960లో ప్రకటించెను. అక్కడ పని పెరుగలేదు. అచ్చటి కార్మికులు తమ హక్కులను తమ కార్మికసంఘముద్వారా మాటాడుకొనుటకు అలవాటుపడినవారు. నిజమైన ద్వార మొకటి యుండగా, యజమాని తెరచిన కిటికీ వారికి అంత గొప్పగా తోచలేదు. ఒకచోట పనిచేసిన సిద్ధాంతము వేరొకచోట ఏల పనిచేయలేదో తెలుపు పరీక్ష, పనిచేసిన పరీక్షకంటె విలువగలది.

నీతివిషయకమైన ఈ ప్రశ్నకు సమాధానమువంటిది ఒకటి, ఎవరును తలపెట్టకయే, 1946వ సంవత్సరము వేసవిలో లభించెను. కనెక్టికట్ రాష్ట్రమున జాతివైరములను తగ్గించు పనిలో నున్నవారికి శిక్షణ యిచ్చుటకు న్యూబ్రిటన్ అను నూర నొక శిబిరము జరిగెను. ఉపాధ్యాయులు, సంఘసేవకులు మొదలైనవారు నలువదిమందికి పైగా వచ్చిరి. పగలు వారు చిన్న బృందములుగా చర్చించుచుండిరి. పరిశీలకులు ప్రతి బృందమున కూర్చుండి జరిగినదంతయు వ్రాసికొని, రాత్రివేళ లెవినుకును తక్కిన శిక్షకులకును చెప్పుచుండిరి. ఒక రాత్రి శిబిరమునకు వచ్చిన కొందరు ఆ సమావేశమునకు మేమును రావచ్చునా యని అడిగిరి. శిక్షకులలో కొందరు సందేహించిరి, లెవిను రమ్మనెను. ఒక పరిశీలకుడు పగలు ఒక స్త్రీ ఎట్లు నడచుకొనెనో చెప్పుచుండగా, అచ్చటనే కూర్చుండియున్న ఆమె అడ్డుపడి, అట్లు కాదు, జరిగినది వేరని చెప్పెను. మాటలు పెరిగెను. ఆ మాటలలోనుండి ఎవరికిని అంతవరకు తోచని సంగతులు బయటపడెను. మరునాటి రాత్రి ఇంకను ఎక్కువమంది వచ్చిరి. కొలదిదినములలో అందరును రాసాగిరి. పగటి ఉపన్యాసములకంటె రాత్రి సమావేశములే వారికి ముఖ్యమయ్యెను.

అంతవరకు సంఘము పరిశోధనకు వస్తువు. ఆ రాత్రినుండి సంఘము తన్ను తానే విచారించుకొన నారంభించెను. పరీక్షింపబడునట్టి యామెకు పరీక్షకుని కాదనుటకు అధికారము వచ్చినది. బావెలాసు సంచిలోని ముగింపునకు తగిన మందు ఇదియేయని నాకు తోచుచున్నది: నాయకు డేమి చేయుచున్నాడో సంఘము పైకి చెప్పగలిగినచో అతని నేర్పు బలవంతముగా మారుట కష్టము.

లెవిను ఆ ఫలమును చూడలేదు. 1947 ఫిబ్రవరి 12వ తేదీన, ఏబదియారేండ్ల ప్రాయమున, హఠాత్తుగా మరణించెను. ఆ వేసవిలోనే అతని సహచరులు బ్రాడ్‌ఫర్డ్, బెన్, లిప్పిట్టు అనువారు మెయిన్ రాష్ట్రమున బెతెల్ అను గ్రామములో శిక్షణశాలను తెరచిరి. పదిపదునైదుమంది ఏ కార్యక్రమమును లేక కూర్చుండి, తమలో తమకు జరుగుచున్న దానినే చర్చించుట అచ్చటి విధానము. అది కొలదికాలమునకే వ్యాపారశాలలకు, మఠములకు, విశ్వవిద్యాలయములకు వ్యాపించెను. వ్యాపించినకొలది పలుచబడెను, కొన్నిచోట్ల ఏడ్చుటయు కౌగిలించుకొనుటయు మాత్రమే మిగిలెను.

దాని గాలి మన దేశమునకును వీచెను. హార్వర్డు పండితుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964వ సంవత్సరమునుండి కాకినాడ వర్తకులను హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణసంస్థకు రప్పించి, కార్యసాధనాసక్తిని పెంచు శిక్షణ నిప్పించెను. ఆ శిక్షణకు ఆధారమైన సూత్రములలో ఒకటి లెవిను భావమే: మనుష్యుడు తన నిత్యవాతావరణమునుండి వేరై, తనవంటి వారితో కలిసి యుండి, ఒక క్రొత్త సంఘమునకు చెందినవాడనని తలచినప్పుడు క్రొత్త నడవడి నిలుచును. శిక్షణ పొందినవారు పొందనివారికంటె వ్యాపారమున చురుకుగా నుండిరని మెక్లెలాండ్, వింటర్ అనువారు 1969లో గ్రంథముగా వ్రాసిరి. కాకినాడ పేరు ఆ విధముగా ప్రపంచ మనశ్శాస్త్రమున నిలిచినది.

అమెరికాలో ఇది జరుగుచుండగా ఇంగ్లండులో వేరొక మార్గము తెరువబడెను. విల్‌ఫ్రెడ్ బయాన్ అను వైద్యుడు 1897లో మన మథురానగరమున పుట్టినవాడు. 1942-43 శీతకాలమున బర్మింగ్‌హాము చెంత నార్త్‌ఫీల్డు సైనికాసుపత్రిలో మనస్సు చెదరిన సైనికుల విభాగమును అతనికి అప్పగించిరి. రోగులను ఒక్కొక్కరిగా గాక, విభాగమునంతను ఒక రోగిగా భావించి, తమ క్రమమును తామే చక్కదిద్దుకొనుటకు వారికి విడిచిపెట్టెను. పైవారు ఓర్వలేక ఆరువారములకే దానిని ఆపివేసిరి. తరువాతి అనుభవములనుండి అతడు తేల్చినదేమనగా, పనికొరకు కూడిన ప్రతి సంఘము క్రింద పనికి సంబంధింపని మరియొక సంఘము దాగియుండును. అది ఒకప్పుడు సర్వజ్ఞుడైన నాయకునిపై ఆధారపడి పసిబిడ్డవలె కూర్చుండును. ఒకప్పుడు శత్రువును కల్పించుకొని పోరాడుటయో పారిపోవుటయో చేయును. ఒకప్పుడు ఇద్దరు కలిసి ఏదో రక్షకుని కందురని ఎదురుచూచుచుండును. లెవిను సంఘమును నమ్మినవాడు, బయాన్ అనుమానించినవాడు. సభల కార్యవర్గములలో కూర్చుండిన వారెవరైనను ఇద్దరి మాటయు నిజమని యొప్పుకొందురు.

ఈ సంఘములు కాలక్రమమున ఎట్లు మారునో చెప్పిన సిద్ధాంతములలో మిక్కిలి ప్రసిద్ధమైనది బ్రూస్ టక్‌మన్ 1965లో ప్రకటించినది. అమెరికా నౌకాదళపు వైద్యపరిశోధనశాలలో పనిచేయుచు, అంతవరకు ఇతరులు వ్రాసిన ఏబది వ్యాసములను చదివి, సంఘమునకు నాలుగు దశలు కలవని అతడు నిర్ణయించెను: కూడుట, కలహించుట, కట్టుబడుట, కృషిచేయుట. ఆంగ్లమున ఈ నాలుగు మాటలకును అంత్యప్రాస కలదు. సిద్ధాంతము లోకమునకు ఎక్కుటకు ఆ ప్రాసయు కొంత కారణము. 1977లో మేరీ ఆన్ జెన్సెనుతో కలిసి విడిపోవుటను అయిదవ దశగా చేర్చెను. ఇందు సంస్కర్తలకు ఊరట కలిగించునది రెండవ దశ. సమాజము స్థాపించిన కొలది నెలలకే కలహము పుట్టినచో, మనవారికి ఐకమత్యము లేదని మనము తలపట్టుకొందుము. కలహము సంఘపు వ్యాధి కాదు, బాల్యావస్థయని టక్‌మన్ మాటకు తాత్పర్యము. అయితే తాను చదివిన వ్యాసములు చాలవరకు చికిత్సాబృందములను, బెతెల్ వంటి శిక్షణబృందములను గూర్చినవే యని అతడే యొప్పుకొనెను. ఆ జాగ్రత్తను తరువాత బోధించినవారు మరచిరి.

1988లో కానీ గెర్సిక్ అను విదుషి గడువుగల పనులను పూనుకొన్న ఎనిమిది బృందములను మొదటినుండి తుదివరకు చూచి, ఈ మెట్లవరుస వానియందు కనబడలేదని వ్రాసెను. ప్రతి బృందమును తన మొదటి సమావేశముననే ఒక పద్ధతిని పట్టుకొని, గడువులో సగము కాలము దానిని విడువక సాగును. ఆ గడువు ఏడుదినములు కానిండు, ఆరు నెలలు కానిండు; సరిగా సగము గడచువేళకు, కాలము మించిపోవుచున్నదని మేలుకొని, పాతదానిని విడిచి క్రొత్త మార్గమును త్రొక్కును. ఈ మెలకువకు కారణము కలహమును గాదు, నాయకుడును గాదు, గడువు. గడువులేని సంఘములను ఆమె పరీక్షింపలేదు. మన సమాజములలో పెక్కింటికి గడువు లేదు.